సోలెడు బియ్యం, అర్ధవీశె బెల్లం

పండగ వంటల మాట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "సోల అంటే ఎన్ని గ్రాములండీ?" అని. ఒక్క ముక్కలో జవాబు చెప్పేస్తే బాగుంటుంది కానీ, చెప్పలేం. సోల బరువు కాదు. అది ఒక గిన్నె. అందులో ఏం పోశారో తెలిస్తేనే ఎన్ని గ్రాములో తెలుస్తుంది. బియ్యం పోస్తే ఒక లెక్క, ఉప్పు పోస్తే ఒక లెక్క, కారం పోస్తే ఇంకో లెక్క. ఈ చిన్న విషయం మరిచిపోవడం వల్ల మా కుటుంబంలో ఒక ఆవకాయ జాడీ మొత్తం పాడైంది. ఆ సంగతి తరవాత చెప్తాను. ముందు ఈ కొలతలు ఎక్కణ్ణుంచి వచ్చాయో, ఎలా పోయాయో చూద్దాం.

మా చోడవరం వైపు పెద్దవాళ్ళ నోట ఇప్పటికీ వినిపించే వరస ఇది. నాలుగు గిద్దలు ఒక సోల. రెండు సోలలు తవ్వ. రెండు తవ్వలు మానిక. రెండు మానికలు అడ్డ. రెండు అడ్డలు కుంచం. నాలుగు కుంచాలు తూము. ఇరవై తూములైతే పుట్టి. పుట్టి దగ్గర తప్ప అంతా రెట్టింపులూ సగాలే అని గమనించారా? కుంచానికి పదహారు సోలలు. రూపాయికి పదహారు అణాలు. మన పాత భిన్నాల్లో వీసం అంటే పదహారో వంతు. ఏదైనా సగం చెయ్యడం, ఆ సగాన్ని మళ్ళీ సగం చెయ్యడం కంటితో అయ్యే పని. రాశిని చేత్తో రెండు కుప్పలు చేస్తే చాలు. పదో వంతు తియ్యమంటే మాత్రం కంటికి అందదు, కాటా కావాలి. చదువు లేని ఆడవాళ్ళు ఇంత పెద్ద సంసారాలకి కొలతలు తప్పకుండా వండారంటే, ఆ లెక్క వాళ్ళ చేతికి వీలుగా ఉండబట్టే అని నా నమ్మకం.

భాషలో కూడా ఈ గిన్నెలు ఎంత లోతుగా దిగాయో చూడండి. సోలెడు, తవ్వెడు, మానెడు, అడ్డెడు, కుంచెడు, పుట్టెడు. గిన్నె పేరు చివర ఒక్క 'ఎడు' తగిలిస్తే "దాని నిండా" అని అర్థం వచ్చేస్తుంది. చేతికీ అంతే: పిడికెడు, గుప్పెడు, చారెడు, దోసెడు. దుఃఖం కూడా పుట్టెడే. ఇరవై తూముల దుఃఖం! కిలోల కాలం వచ్చి అరవై ఏళ్ళు దాటినా, క్వింటాలు దుఃఖం అని ఇంకా ఎవరూ అనలేదు.

ఇప్పుడు తూకాల సంగతి. ఇవి వేరే కుటుంబం. మూడు తులాలు ఒక పలం. అయిదు పలాలు ఏబులం, పది పలాలు పదలం. ఆ పేర్లలోనే అయిదూ పదీ దాక్కుని ఉన్నాయి. నలభై పలాలు వీశె. ఎనిమిది వీశెలు మణుగు. ఇరవై మణుగులు బారువ. వీటికి మాత్రం గ్రాములు సూటిగా చెప్పొచ్చు, ఎందుకంటే తులానికి కొలబద్దగా రూపాయి బిళ్ళ ఉండేది. 1835 నుంచి కంపెనీ వాళ్ళు కొట్టించిన వెండి రూపాయి బరువు 180 గ్రెయిన్లు, అంటే మన లెక్కలో 11.66 గ్రాములు. సరిగ్గా ఒక తులం. 120 రూపాయల ఎత్తు ఒక వీశె, అంటే 1,400 గ్రాములు. పలం 35, ఏబులం 175, పదలం 350, అర్ధవీశె 700. మణుగు 11 కిలోల 200. పదలాన్నే సవాసేరు అని కూడా అనేవారు. మన సేరు 24 తులాలది, దాని మీద పావు కలిస్తే 30 తులాలు.

ఉత్తరాది పుస్తకాల్లో సేరు, మణుగు కనిపిస్తే ఈ లెక్క వెయ్యకండి. వాళ్ళ సేరు 80 తులాలు, కిలోకి కాస్త తక్కువ. వాళ్ళ మణుగు 40 సేర్లు, అంటే 37 కిలోల పైమాట. పేరు ఒకటే, బరువు మూడింతలు.

మా అమ్మ రాసిపెట్టుకున్న వంటల పుస్తకంలో అరిసెల పేజీ మొదటి వాక్యం "మానెడు బియ్యానికి అర్ధవీశె బెల్లం". చిన్నప్పుడు ఎన్నోసార్లు చూశాను కానీ, ఒకే వాక్యంలో ఒకటి గిన్నె కొలత, ఒకటి తూకం ఎందుకుందో అప్పట్లో ఆలోచించలేదు. ఇప్పుడు చూస్తే అందులో ఊరి ఆర్థికం మొత్తం ఉంది. బియ్యం ఇంటివి. పొలం నుంచి కళ్ళం మీదుగా గాదెలోకి వచ్చాయి. ఇంట్లో కాటా ఎవరికుంది? గిన్నెతో కొలిచారు. బెల్లం బజారుది. మా వైపు బెల్లం అంటే అనకాపల్లి మార్కెట్టే, అక్కడ అంతా తక్కెడ మీద వ్యవహారం. ఇంట్లో పండినదానికి కుంచం, కొనుక్కొచ్చినదానికి వీశె. పాత వంటల పుస్తకాల్లో ఏ సరుకుని ఏ కొలతలో రాశారో చూస్తే, ఆ ఇంట్లో ఏది పండేదో ఏది కొనేవారో తెలిసిపోతుంది. మా అమ్మ పుస్తకంలో నువ్వులు సోలల్లో ఉన్నాయి, చింతపండు వీశెల్లో ఉంది. అంటే మాకు నువ్వుల చేను ఉండేది, చింతచెట్టు లేదు!

ఇది ఈనాటి గొడవ కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రం తాళపత్రాల్లో మరుగున పడి ఉంటే, శామశాస్త్రిగారు మైసూరులో దాన్ని గుర్తించి 1909లో అచ్చు వేయించారు. అందులో కొలతల అధికారి గురించి ఒక అధ్యాయం ఉంది. ద్రోణం అనే కొలపాత్రని ఆయన ఎలా చెప్పాడో తెలుసా? 200 పలాల మినుములు పట్టేది ద్రోణం అన్నాడు. గిన్నె సైజుని ఒక గింజ బరువుతో కట్టాడన్నమాట. ఫలానా గింజ అని పేరు పెట్టకుండా గిన్నెకి బరువు చెప్పలేమని ఆయనకి అప్పుడే తెలుసు.

అంతకన్నా ముచ్చటైన విషయం ఆ వెంటనే ఉంది. ద్రోణం ఒకటి కాదు, నాలుగు. రాజుగారికి రావలసిన ధాన్యం కొలిచే ద్రోణం 200 పలాలది. బజారు వ్యవహారానికి 187న్నర. రాజు దగ్గర పనిచేసే వాళ్ళకి ఇచ్చేటప్పుడు 175. అంతఃపురానికి కొలిచేటప్పుడు 162న్నర. పేరు మాత్రం అన్నిటికీ ద్రోణమే. వచ్చేటప్పుడు పెద్ద గిన్నె, పోయేటప్పుడు చిన్న గిన్నె. అందరిలోకీ చిన్న గిన్నె ఆడవాళ్ళ వాటాకి. అదే పుస్తకంలో ఒక మగవాడి పూట భోజనానికి ప్రస్థం బియ్యం, అందులో నాలుగో వంతు పప్పు, పప్పులో పదహారో వంతు ఉప్పు అని లెక్క రాసి, ఆడవాళ్ళకి అందులో పావు వంతు తగ్గించమన్నాడు. వండేదెవరో, చివర్న తినేదెవరో ఆయనకి తెలిసే రాశాడో ఏమో.

ఇంకో సంగతి కూడా ఆయన వదల్లేదు, శిఖ. గింజలు పోస్తే గిన్నె అంచు దాటి గోపురంలా నిలబడతాయి కదా, ఆ గోపురం. అది కొలతలో నాలుగో వంతు ఉండేలా గిన్నె చేయించమన్నాడు, లేకపోతే ఆ గోపురాన్ని కూడా లోపలే కలుపుకుని చేయించమన్నాడు. మన ఇళ్ళలో "తలకొట్టి కొలిచావా, గోపురంగా పోశావా?" అని అడిగేది ఇదే. ఇక్కడో కిటుకుంది. ఒకే లోపలి కొలత ఉన్న రెండు కుంచాలు తీసుకోండి, ఒకటి వెడల్పు మూతిది, ఒకటి సన్న మూతిది. అంచుకి సమంగా చేత్తో తోస్తే రెండింట్లోనూ ఒకటే ధాన్యం. గోపురంగా పోస్తే మాత్రం వెడల్పు మూతి కుంచంలో ఎక్కువ పడుతుంది, ఎందుకంటే గోపురం అడుగు వెడల్పు కాబట్టి. లోతు తక్కువ, మూతి వెడల్పు ఉన్న కుంచం పట్టుకొచ్చి అప్పు ధాన్యం తిరిగి కొలిపించుకునేవాళ్ళు ఉండేవారని మా అమ్మమ్మ చెప్పేది. ఇచ్చేటప్పుడు ఇంకో కుంచం. కౌటిల్యుణ్ణి వాళ్ళు చదివి ఉంటారని అనుకోను. ఈ విద్యకి పుస్తకం అక్కర్లేదు.

తెలుగులో తొలి గణిత గ్రంథం పావులూరి మల్లనది. నన్నయ కాలానికి దగ్గరివాడు. మహావీరాచార్యుడు తొమ్మిదో శతాబ్దంలో సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. డిగ్రీలో మేము ఆయన పేరు కవుల జాబితాలో ఒక్క వాక్యంగా చదువుకుని వదిలేశాం. ధాన్యం కొలతలూ బంగారం తూకాలూ నేల కొలతలూ పద్యాల్లో పెట్టడం కవిత్వం ఎలా అవుతుందని మా క్లాసులో నవ్వుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. పద్యం అయితే నోటికి వస్తుంది, నోటికి వస్తే కళ్ళం దగ్గర మోసపోరు. నాకైతే ఇప్పుడు అది చాలా పెద్ద ఉపకారంగా కనిపిస్తుంది.

గుళ్ళ గోడల మీద కూడా మన కొలతలున్నాయి. ద్రాక్షారామం భీమేశ్వరాలయం శాసనాల్లో, అఖండదీపం కోసం 50 జీవాలను దానం చేసి, వాటి పాడి మీద రోజూ మానెడు నెయ్యి దీపానికి పోసేలా ఏర్పాటు చేయడం మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. వెయ్యేళ్ళ కిందటి మాట, మా అమ్మ పుస్తకంలోనూ అదే మాట. మానెడు. మాట నిలిచింది కానీ గిన్నె నిలిచిందని అనుకోకండి. ఊరికో కుంచం, తాలూకాకో తూము ఉండేది. నెల్లూరు రైతులు ఇప్పటికీ ధాన్యం ధర పుట్టికి ఇంత అని చెప్పుకుంటారు, అక్కడ పుట్టి అంటే 850 కిలోలు. గిన్నె కొలతగా పుట్టిన పుట్టి అక్కడ పూర్తిగా తూకమైపోయింది. ఆ అంకె పట్టుకొచ్చి మా ఊరి కుంచాన్ని లెక్కగడితే అసలు పొసగదు.

కళ్ళంలో కొలిచేటప్పుడు ఒకటి అనేవారు కాదు. "లాభం" అని మొదలుపెట్టి, రెండు, మూడు అని లెక్కించేవారు. ఏడు దగ్గరికి వచ్చేసరికి ఏడుపు గుర్తొస్తుందని "ఆరున్నొక్కటి" అనేవారు. వినడానికి ఎంతో బాగుంటుంది. అయితే కోతకూలి తీసుకునే ఆడమనిషి చీరకొంగు పట్టుకుని నిలబడి చూసేది ఆ పాటని కాదు, కుంచం మూతిని. గింజలు మెల్లగా జారవిడిస్తే తక్కువ పడతాయి, ఎత్తు నుంచి పోసి కుంచాన్ని ఒకసారి నేలకి తడితే ఎక్కువ పడతాయి. అదే కుంచం, అదే లెక్క. ఎవరి చేతిలో ఉందన్నదే తేడా. మా పైనున్న మాడుగుల, పాడేరు దారుల్లో ఏజెన్సీ సంతల్లో గిరిజనుల రాగులూ పప్పులూ చింతపండూ అడ్డలతో కొలిచి కొనే షావుకార్ల మీద ఎన్ని కథలో! విశాఖపట్నం కేంద్రంగా 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టినప్పుడు, దళారుల చేతి నుంచి ఆ సరుకుని తప్పించి కాటా మీద పెట్టి కొనడం దాని పనుల్లో పెద్ద పని. అందుకే కుంచం పోయిందని ఉత్తినే బాధపడేవాళ్ళతో నేను కలవలేను. కాటాకి కూడా పాసంగం మోసాలుంటాయి, నిజమే. కానీ కాటా ముల్లు ఇద్దరికీ కనిపిస్తుంది.

ఇంట్లోనూ అంతే. బియ్యం డబ్బాలో సోల ఎవరి చేతిలో ఉంటే ఇల్లు వాళ్ళది. మా అమ్మమ్మ కాపరానికి వచ్చిన ఎనిమిదేళ్ళకి గాని ఆవిడ అత్తగారు సోల ఇవ్వలేదట. పూటకి మనిషికి ఇన్ని సోలలని అత్తగారే కొలిచి చేటలో పోసి ఇచ్చేవారు. చివరికి కోడలు తినే పూటకి అడుగున ఎంత మిగిలిందో ఆ సోలకి పట్టేది కాదు.

దేశమంతా ఒక్క కొలత కావాలన్న ఆలోచన తెల్లవాళ్ళ కాలంలోనే ఉంది. 1939లో తులం, సేరు, మణుగులకి ఒక కేంద్ర చట్టం చేశారు కూడా. అసలు మార్పు మాత్రం 1956 చట్టంతో వచ్చింది. ఏడాది తిరక్కుండా 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. అణాలు పోయాయి. 1958 అక్టోబరు నుంచి కిలోలు విడతలు విడతలుగా వచ్చి, 1962 కల్లా బజారులో వీశె రాయి పెట్టడం నేరమైంది. ఫ్రాన్సులో 1795లో పుట్టిన గ్రాము, లీటరు మా చోడవరం సంతకి రావడానికి నూట అరవై ఏళ్ళ పైన పట్టిందన్నమాట.

ఆ నాలుగేళ్ళూ ఆడవాళ్ళు పడ్డ తికమక మా అమ్మమ్మ చెప్తూంటే నవ్వొచ్చేది, జాలీ వేసేది. కొట్టువాడు "కిలో తీసుకోండమ్మా, వీశె లాంటిదే" అనేవాడట. వీశె 1,400 గ్రాములు. "లాంటిదే" అన్న మాటలో 400 గ్రాములు పోయేవి. అర్ధవీశె బదులు అరకిలో, పదలం బదులు పావుకిలో. పిండివంటకి బెల్లం సరిపోక, పాకం కుదరక, తప్పు తమ చేతిదనుకున్నవాళ్ళు ఎంతమందో. అర్ధవీశెకి 700 గ్రాములని చెప్పే పట్టిక కొట్టు గోడ మీద అంటించారట కానీ, అది చదవగలిగినవాళ్ళు ఆ వీధిలో ఎందరు? మా అమ్మమ్మ గుర్తు పెట్టుకున్న ఉపాయం వేరు. "కిలో కొని, దాని మీద ఏబులాలు రెండు, పలం ఒకటి, ఇంకాస్త వేస్తే వీశె" అనేది. లెక్క వేసి చూడండి: వెయ్యి, మూడువందల యాభై, ముప్పై అయిదు, ఆ పైన ఇంకాస్త. పదిహేను గ్రాముల దాకా తెచ్చేసింది.

బియ్యానికి మాత్రం కిలో అంత తొందరగా రాలేదు. పంట ఉన్న ఇళ్ళలో ఇంకో పాతికేళ్ళు కుంచాలే నడిచాయి. 1983లో ఎన్.టి.రామారావుగారి ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం పెట్టాక, పేద ఇళ్ళ ఆడవాళ్ళు కూడా బియ్యాన్ని కిలోల్లో మాట్లాడటం మొదలుపెట్టారని నాకనిపిస్తుంది. చట్టం చెయ్యలేని పని రేషను సంచీ చేసింది.

ఇక ఆవకాయ జాడీ సంగతి. మా అమ్మమ్మ పోయిన ఏడాది ఎండాకాలంలో, హైదరాబాదులో ఉండే మా పిన్ని కూతురు "ఈసారి అమ్మమ్మ ఆవకాయ నేనే పెడతాను" అని ఆ పేజీ ఫోటో తీసుకుంది. అందులో ఉన్నది ఇదీ: మూడు తవ్వల ముక్కలు, సోల కారం, సోల ఆవపిండి, ముప్పావు సోల ఉప్పు. "సోలంటే పావుకిలో" అని ఎవరో చెప్పారు. బియ్యానికి అది నిజమే. ఆ లెక్కన తూచి కిలోన్నర ముక్కలు, పావుకిలో కారం, పావుకిలో ఆవపిండి, 190 గ్రాముల ఉప్పు కలిపింది. నెల తిరక్కుండా జాడీ పైన తెల్లగా బూజు. అది చూసి ఏడ్చిందట. "అమ్మమ్మ చేతి వాసి అమ్మమ్మతోనే పోయింది" అని పిన్ని అంటే, ఇంట్లో అందరూ అవునన్నారు.

నాకు ఆ మాట మింగుడు పడలేదు. వంటింటి కాటా తెచ్చి మా ఇత్తడి సోల పెట్టాను. ముందు నీళ్ళు పోసి తూచాను. నీళ్ళు 300 గ్రాములు, అంటే మా సోల 300 మిల్లీలీటర్లది. తరవాత తలకొట్టి ఒక్కొక్కటీ. బియ్యం 250. మా ఇంటి కారం 140 దగ్గర ఆగింది. ఆవపిండి 150. దంచిన ఉప్పు 330! మామిడి ముక్కలు మూడు తవ్వలు అంటే గాలి సందులతో కలిపి ఇంచుమించు కిలో. అంటే అమ్మమ్మ ఆవకాయలో కిలో ముక్కలకి కారం 140, ఆవ 150, ఉప్పు 250 గ్రాములు. నూనె పక్కన పెట్టి చూస్తే నూటికి 16 వంతులు ఉప్పు. మా చెల్లెలు కలిపినదాంట్లో తొమ్మిది కూడా లేదు. ఊరగాయని కాచేది ఉప్పే. సగానికి పడిపోతే బూజు రాక ఏమవుతుంది? చేతి వాసి ఎక్కడికీ పోలేదు, గిన్నెకీ తూకానికీ మధ్య జారిపోయింది. ఫోను చేసి ఈ అంకెలు చెప్తే, ఆ పిల్ల చాలాసేపు ఏం మాట్లాడలేదు. తరవాత "అయితే అమ్మమ్మ సరిగ్గానే రాయించిందన్నమాట" అంది.

కాటా బయటికి తీశాను కాబట్టి మిగతావి కూడా తూచేశాను. పనికొస్తాయని రాస్తున్నాను. ఇవి మా 300 మిల్లీలీటర్ల సోలకి, తలకొట్టి. కందిపప్పు, మినప్పప్పు బియ్యానికి దగ్గరగా 250. పంచదార 255. బొంబాయి రవ్వ 210. నువ్వులు 185. ధాన్యం పొట్టుతో ఉంటుంది కాబట్టి 170 మాత్రమే. నూనె 275. గోధుమపిండి దగ్గర జాగ్రత్త: వదులుగా చెంచాతో పోస్తే 160, సోలని రెండుసార్లు గట్టుకి తడితే 200. అదే గిన్నెలో అదే పిండి నలభై గ్రాములు మారిపోతుంది. అందుకే పిండి మాత్రం తూచుకోండి. బియ్యం గోపురంగా పోస్తే మరో 25 గ్రాములు పైన.

మీ ఇంట్లో సోల మా సోల కాకపోవచ్చు. నీళ్ళు పోసి తూచండి. వచ్చిన గ్రాములే మిల్లీలీటర్లు. దాన్ని 300తో పోల్చి పై అంకెలు పెంచుకోండి, తగ్గించుకోండి. సోల లేకపోతే స్టీలు గ్లాసుకైనా ఇదే పద్ధతి. నానబెట్టిన బియ్యాన్ని తూచి అరిసెలకి లెక్క కట్టకండి. నానితే బరువు పావు వంతు పైనే పెరుగుతుంది. "మానెడు బియ్యం" అంటే పొడి బియ్యం, నానబెట్టక ముందు.

లీటరు, కిలో ఒకటే అనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. నూనె ప్యాకెట్టు మీద చిన్న అక్షరాల్లో చూడండి, 1 లీటరు పక్కనే 910 గ్రాములు అని ఉంటుంది. కిలో నూనె అని రాసిన చోట లీటరు పోస్తే 90 గ్రాములు తక్కువ పడుతుంది. వేపుడుకి ఫరవాలేదు, ఊరగాయకి ఫరవా ఉంది.

అమెరికాలో ఉన్న మన పిల్లలకి ఇంకో తంటా. అక్కడ ఇళ్ళలో ఇప్పటికీ పిండీ పంచదారా కప్పులతోనే కొలుస్తారు. 1896లో ఫానీ ఫార్మర్ అనే ఆవిడ బోస్టన్ వంటల బడి పుస్తకంలో కప్పుని, చెంచాని కత్తితో అంచుకి సమంగా గీసి కొలవమని పట్టుబట్టింది. అంటే తలకొట్టి కొలవమని! మన అమ్మమ్మలు చెప్తే చాదస్తం, అక్కడ శాస్త్రం. వాళ్ళ కప్పు 237 మిల్లీలీటర్లు. ఆస్ట్రేలియా కప్పు 250. అన్నం కుక్కర్లకి జపాను వాళ్ళు ఇచ్చే కప్పు 180, అది వాళ్ళ పాత 'గో' కొలత. మూడూ కప్పులే. కౌటిల్యుడి నాలుగు ద్రోణాలు గుర్తొస్తున్నాయా?

అమ్మ పుస్తకంలో ప్రతి పేజీ పక్కనా ఇప్పుడు పెన్సిలుతో గ్రాములు వేస్తున్నాను. సోలలు కొట్టెయ్యడం లేదు, పక్కన రాస్తున్నానంతే. అరిసెలు అయ్యాయి: మానెడు బియ్యం కిలో, బెల్లం 700 గ్రాములు, పాత వాక్యంలోని అర్ధవీశె చక్కగా సరిపోయింది. ఆవకాయ అయ్యింది. గోంగూర పచ్చడి పేజీలో "రెండు దోసిళ్ళ ఆకు" అని ఉంది. ఎవరి దోసిలి అని అమ్మని అడిగితే, "మా అమ్మది, చిన్న చేతులు" అంది. దానికి మాత్రం గ్రాములు ఇంకా రాయలేదు.